ఎండాకాలంలో పట్టేసిన తలుపు

సానరాయి మీద చిత్రిక ఇనుమును అటూ ఇటూ లాగుతూ, వడ్రంగి మేస్త్రి మధ్యమధ్యలో ఆగి దాని అంచును బొటనవేలి గోటికి ఆనించి చూసుకుంటున్నాడు. గోటి మీద జారితే ఇంకా మొద్దుగా ఉన్నట్టు, నిలిస్తే పదునెక్కినట్టు. అంచు నిలిచింది. అయినా ఇంకో నాలుగుసార్లు లాగాడు. ఇవాళ చేతులకి ఏదో ఒక పని ఉండాలి, లేకపోతే ఊరుకునేలా లేవు.

పెరటి గుమ్మంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అక్క చాలాసేపటినుంచి అతన్నే గమనిస్తోంది.

"తలుపు బాగుచేయడానికి వెళ్ళేవాడికి తలకి నూనె దేనికిరా?"

"ఎండగా ఉంది కదా."

"మరి సంచీలో ఆ ఇస్త్రీ చొక్కా? అదీ ఎండకేనా?"

మేస్త్రి ఇనుమును గుడ్డతో తుడిచి చిత్రికలో బిగించాడు. అరవైకి దగ్గరపడుతున్న మనిషి. వంగి పనిచేసీ చేసీ నడుము కాస్త ముందుకి వాలింది. ఎడమచేతి చూపుడువేలి కొస ఎప్పుడో రంపం పాలయింది. కనుబొమల్లో రంపప్పొట్టు ఎంత కడిగినా కొంచెం మిగిలే ఉంటుంది. అలాంటి మనిషికి చెవులు ఎర్రబడ్డాయి. అక్క చిక్కుడుకాయల వైపు చూస్తూ నవ్వుకుంది. తమ్ముడికి పెళ్ళి చేయాలని ఆమె తిరగని గడప లేదు. సంబంధం కుదిరేలా ఉన్నప్పుడల్లా ఎవరింట్లోనో కిటికీలు సగంలో ఉండేవి, ఆ పని అయ్యాక చూద్దామనేవాడు. కిటికీలన్నీ పూర్తయ్యాయి, పెళ్ళి వయసూ పూర్తయింది.

రేకుల షెడ్డు కింద కొత్త బల్ల ఉంది. తోటలో వేసుకునే బల్ల, వెనక వీపు ఆనించుకోవడానికి నిలువు పట్టీలు. నెల కిందట టీచరమ్మ అడిగింది.

"తీగ పందిరి కింద కూర్చోవడానికి చిన్నది చేసిపెట్టండి మేస్త్రిగారూ. నేనొక్కదాన్ని పట్టేంత చాలు."

అతను చేసిన దాంట్లో ఇద్దరు పడతారు. ఇదెలా ఒంటిమనిషి బల్లరా అని అక్క అడిగితే, చెక్క ఆ పొడుగున ఉంది, కోయడం దేనికని వదిలేశానన్నాడు. పచ్చి అబద్ధం. ఆ పొడుగు పలక కోసం అతను ఊళ్ళో ఉన్న కలప అడితులన్నీ గాలించాడు. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. 'బల్ల కాస్త పొడుగైందండి. మీకు అభ్యంతరం లేకపోతే, సాయంత్రాలు వచ్చి ఆ రెండోవైపు నేను కూర్చుంటాను.' చిత్రిక పడుతూ ఆ మాటలు లెక్కలేనన్నిసార్లు అనుకున్నాడు. ఇవాళ ఆమె ముందు అనాలి. ఆమె సరేనంటే మిగిలిన బతుక్కి అది చాలు. కాదంటే ఇక ఆ వీధికి ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు?

టీచరమ్మ ఇల్లు ఊరికి అటు చివర, చుట్టూ తోట ఉన్న పాత ఇల్లు. భర్త పోయాక, ఉద్యోగం అయిపోయాక ఆమె అక్కడ ఒక్కతే ఉంటోంది. ఏళ్ళ కిందట ఒక వానాకాలం, వీధి తలుపు పట్టేసి తెరుచుకోవడం లేదని మేస్త్రిని పిలిచింది. ఆ రోజు అతను తలుపు అడుగంచుకి కొవ్వొత్తి రుద్దుతూ తన విద్యంతా ఆమెకి చెప్పేశాడు. "చెక్క నీళ్ళు తాగుతుందండి. తాగితే ఉబ్బుతుంది. ఎండాకాలం మీ తలుపుకి నా అవసరమే ఉండదు." ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పాఠం వింటున్నట్టు విన్నది.

అప్పటినుంచీ వాన పడటం, తలుపు పట్టేయడం, కబురు రావడం. అతను వెళ్ళి కొవ్వొత్తి రుద్ది, పల్చగా ఒకటి రెండు పొరలు చిత్రిక పట్టి, మెట్టు మీద కూర్చుని టీ తాగి వచ్చేవాడు. ఆమె మొక్కల సంగతులు చెప్పేది, అతను పాత ఇళ్ళ సంగతులు చెప్పేవాడు. ఆ తలుపుకి శాశ్వతమైన మందు అతనికి తెలియక కాదు. ఎండలు ముదిరాక రెక్క దించి, అడుగంచు సరిగ్గా తీసి, దానికి నూనె పట్టిస్తే మళ్ళీ ఉబ్బదు. పూట పని. ఊళ్ళో అందరికీ చేసిపెట్టాడు, ఆమెకి మాత్రం చేయలేదు. చేస్తే మళ్ళీ కబురు రాదు. పనిలో ఇంకెక్కడా దొంగతనం ఎరగని మనిషి ఆ ఒక్క తలుపు దగ్గర దొంగయ్యాడు. అందుకు సిగ్గుపడేవాడు, సిగ్గుపడుతూనే వాన కోసం మబ్బుల వైపు చూసేవాడు.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. నేల నోరు తెరుచుకుంది. అయినా మొన్న కూరగాయల బండి అతను కబురు తెచ్చాడు. "టీచరమ్మగారి తలుపు పట్టేసిందంట. వీలు చూసుకుని రమ్మన్నారు." ఇంత ఎండలో ఎలా పట్టేస్తుంది? మడతబందు జారిందేమోననుకున్నాడు. వెంటనే వెళ్ళాలనిపించింది కానీ, బల్లకి పూసిన నూనె ఇంకా ఆరలేదు. ఆమె ఎప్పుడూ లేత రంగులే కడుతుంది, కూర్చుంటే మరక పడుతుంది. "ఎల్లుండి వస్తానని చెప్పు" అన్నాడు.

ఇవాళ బల్ల మీద అరచెయ్యి వేసి గట్టిగా రాసి చూసుకున్నాడు. ఆరింది.

ముందుగా ఒప్పుకున్న పని ఒకటుంది. బజారు వెనక పాత మేడలో ఒక పెద్దాయన ఇంట్లో కిటికీ రెక్క అడుగు పట్టీ పుచ్చిపోయింది. మేస్త్రి పుచ్చిన మేర ఉలితో ఏటవాలుగా తీసేసి, అదే వాలులో కొత్త ముక్క కోసి, జిగురు పూసి అతికించి బిగించాడు. పాత చెక్క గీత ఎటు పోతోందో కొత్త ముక్క గీత కూడా అటే పోవాలి. అలా కుదిరే ముక్క కోసం సంచీలోని చెక్కలన్నీ తిరగేశాడు.

"ఎవరు చూస్తారయ్యా అంత వివరంగా?" అని పెద్దాయన విసుక్కున్నాడు.

"మీరు చూస్తారండి. కిటికీ దగ్గరేగా మీ కుర్చీ."

"నాకు కళ్ళద్దాలు పెట్టుకున్నా కుర్చీయే సరిగ్గా కనపడదు" అన్నాడు పెద్దాయన. మేస్త్రి నవ్వాడు. మామూలు రోజైతే ఇంకాసేపు కూర్చుని కబుర్లు చెప్పేవాడే. ఇవాళ జిగురు ఆరేదాకా ఆగడమే కష్టమైంది. టీచరమ్మ ఇంటి పని ఎప్పుడూ ఆఖరికి పెట్టుకుంటాడు. పళ్ళెంలో ఇష్టమైనది చివరికి దాచుకున్నట్టు.

ఎండ కాస్త చల్లబడ్డాక ఇంటికి వచ్చి బల్లని తోపుడుబండి మీదికెక్కించి తాడుతో కట్టాడు. పాత దుప్పటి కప్పాడు. దారంతా గతుకులే. చక్రం ఎగిరినప్పుడల్లా ఆగి, గీత పడిందేమోనని దుప్పటి ఎత్తి చూశాడు. వీధి మొదట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుని, సంచీలోంచి ఇస్త్రీ చొక్కా తీసి వేసుకున్నాడు. సిద్ధం చేసుకున్న మాటలు ఇంకోసారి అనుకున్నాడు. 'బల్ల కాస్త పొడుగైందండి' వరకు బాగానే వస్తోంది, ఆ తర్వాతే తడబడుతోంది.

ఇంటి ముందు మెట్ల కింద చాలా చెప్పులున్నాయి. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. వరండాలో మడత కుర్చీలు గోడకి ఆనించి ఉన్నాయి. టీచరమ్మ పోలికలున్న ఒకాయన బయటికి వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎవరు కావాలి?"

"టీచరమ్మగారు రమ్మన్నారండి. తలుపు పట్టేసిందని."

ఆయన ఒక మెట్టు దిగి వచ్చాడు. "నేను ఆవిడ తమ్ముణ్ణి. అక్కయ్య నిన్న మధ్యాహ్నం పోయింది, మేస్త్రీ. భోంచేసి పడుకుంది, మళ్ళీ లేవలేదు. పొద్దున్నే అన్నీ అయిపోయాయి."

మేస్త్రి బండి పిడి వదల్లేదు.

"బల్ల తెచ్చానండి" అన్నాడు.

"అక్కయ్య చేయించుకుందా? సరే, ఎక్కడ పెట్టమందో అక్కడే పెట్టు."

తీగ కింద పెట్టాడు. ఒక కాలు మట్టిలో దిగితే పెంకు ముక్క వెతికి కింద పెట్టి సరిచేశాడు. మొన్న ఆ నూనె తడి మీదే, మరక పడితే పడిందని వచ్చేసి ఉంటే! ఆ మాట గుండెలో ములుకులా దిగింది.

"వచ్చావు కాబట్టి ఆ తలుపేదో చూసిపో. ఎల్లుండి తాళం వేసుకుని వెళ్ళిపోతాం" అన్నాడు తమ్ముడు, లోపలికి వెళ్తూ.

మేస్త్రి లోపలికి వచ్చి తలుపు మూసి, గడియ పట్టుకుని మెల్లగా లాగాడు. చప్పుడు కూడా లేకుండా తెరుచుకుంది. బందులు చూశాడు, బాగానే ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని అడుగంచు తడిమాడు. పొడిగా ఉంది. అప్పుడు కనపడ్డాయి మరకలు. తలుపు తీసి పనిచేసేటప్పుడు ఎప్పుడూ గోడవైపు ఉండిపోయే రెక్క లోపలివైపు, కింది మూలలో రంగు వెలిసి, నీటి మరకలు ఒకదాని మీద ఒకటి. కొన్ని కొత్తవి, కొన్ని ఏళ్ళనాటివి. వాన కొట్టే బయటివైపు అలాంటి మరక ఒక్కటీ లేదు. వాన ఇంట్లోంచి కురవదని చెప్పడానికి వడ్రంగం తెలియక్కర్లేదు.

తలుపు వెనక, గోడ మూలన చిన్న చెంబు ఉంది. దాని మూతి మీద గుడ్డపేలిక. చెక్క నీళ్ళు తాగుతుందండి, తాగితే ఉబ్బుతుంది. అతను చెప్పిన పాఠమే. వాన ఆలస్యమైన ప్రతి ఏడూ ఆమె ఈ మూలన వంగి ఆ తలుపుకి నీళ్ళు పట్టించింది. ఈ ఏడు వాన రానే లేదు, ఆమె ఆగలేకపోయింది.

"ఏమైంది దానికి?" లోపలినుంచి తమ్ముడు అడిగాడు.

"ఏం లేదండి" అన్నాడు మేస్త్రి. చెంబు వైపు చూస్తూనే మళ్ళీ అన్నాడు. "ఎండకి ఆరిపోయింది."

సంచీలోంచి తీసిన చిత్రికని తిరిగి సంచీలో పెట్టుకున్నాడు. చెంబు మీది గుడ్డ ఎత్తి చూశాడు. మళ్ళీ అది ఉన్నట్టే కప్పి, ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

తలుపు వెనక, చెంబు అడుగున ఇంకా కాసిని నీళ్ళున్నాయి.