పాస్‌పోర్టు పుట్టినరోజు

పెళ్ళాం చచ్చిన రోజున కంపెనీ అంకయ్య చేత కేకు కోయించింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

తొంభై ఒకటి జూలై ఒకటో తేదీన పొద్దున్నే జగిత్యాల నుంచి గల్ఫ్‌లోని కంపెనీ ఆఫీసుకు ఫోను వచ్చింది. ఎత్తినవాడు టైంకీపరు తబ్రేజ్, కడపవాడు. చెబితే ఇక ముద్ద దిగదని, నాలుగు మెతుకులు కడుపులో పడ్డాక చెబుదామనుకున్నాడట. ఆ రోజు ఆ నాలుగు మెతుకులు కేకయ్యాయి. అంకయ్య కోశాడు, తిన్నాడు, మూతికంటిన క్రీము తుడుచుకుంటూ నవ్వాడు కూడా. అప్పుడు చెప్పాడు తబ్రేజ్. అప్పటికి ఊళ్ళో సత్తవ్వను పాడె మీదికెక్కించారు.

ఏడాది తిరిగింది. మళ్ళీ అదే తేదీ. అల్ హైల్ యార్డులో రేకుల నీడన అంకయ్య పైపుల అతుకుల మీద గ్రైండరు ఆడిస్తున్నాడు. నిప్పురవ్వలు మోకాళ్ళ మీదుగా ఇసుకలోకి రాలుతున్నాయి. ముంజేతుల నిండా పాత రవ్వల మచ్చలు, ఆవాలు చల్లినట్టు. కనుబొమ్మల్లో ఇనుపరజను. పొద్దుట్నుంచీ పచ్చి గంగ ముట్టలేదు. తిథి సంగతి ఊళ్ళో కొడుకు చూసుకుంటాడు, తనకు ఎరుకైనది ఈ తేదీయే. సత్తవ్వకు ఇష్టమని ఎండుచేపల కూర వండి, అన్నంలో కలిపి గిన్నెలో తెచ్చాడు. కాకి ముట్టాకే తను ముట్టేది.

కంపెనీ హాలెండువాళ్ళది. వచ్చిన కొత్తలో వాళ్ళ పద్ధతులన్నీ నేర్చుకున్నాడు. సార్ అనకూడదు, మేనేజరునైనా పేరు పెట్టి పిలవాలి. టీకి అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. సైరను మోగితే ఎంత పనైనా వదలాలి, మళ్ళీ మోగితే గుక్కలో సగం టీ ఉన్నా లేవాలి. అన్నిటికీ ఒళ్ళు వంచాడు. పుట్టినరోజంటే మాత్రం వాళ్ళకు మరీ పట్టింపు. పుట్టినవాడికే కాదు, పక్కనున్నవాళ్ళందరికీ చేయి కలిపి శుభాకాంక్షలు చెబుతారు. తేదీ పాస్‌పోర్టులో చూస్తారు. అంకయ్య పాస్‌పోర్టులో జూలై ఒకటని వేసింది జగిత్యాల ఏజెంటు.

టీ సైరను మోగింది. బల్ల మీద కేకు. మేనేజరు విల్లెం, ఎండకు కమిలిన పొడుగాటి మనిషి, వరసగా అందరికీ చేయి కలుపుతూ వచ్చి చాకు అందించాడు. అంకయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నై, విల్లెం. మేరా నై."

పాస్‌పోర్టులో ఉంది కదా అని విల్లెం నవ్వాడు. తబ్రేజ్ ఆ మాట తెలుగులో చెప్పాడు.

"నేనెప్పుడు పుట్టిన్నో మా అవ్వకే ఎర్క లేదు. ఏజెంటు గానికేమెర్క?"

"ఒక తునక కోసెయ్ అంకన్నా, ఏం పోతాది? నెలాఖరుకు నీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సింది ఈయప్పే. పాపం, ఆయప్పకు తెల్దు."

"నీకెర్కనే గద, తబ్రేజూ."

తబ్రేజ్ తల దించుకున్నాడు. మెల్లగా అడిగాడు. "చెప్పేదా అన్నా, ఆయప్పకు?"

"చెప్పకు. ఆమె సావు టీ బల్ల మీద పెట్టేది గాదు. నేను కొయ్య, అంతే. కాంట్రాక్టు రాకుంటె రాకపాయె."

గిన్నె తీసుకుని బయటికి నడిచాడు. కాలిపోతున్న ప్రహరీ మీద అన్నం పెట్టి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. పని సైరను మోగింది. అతను లేవలేదు. గ్రైండర్లన్నీ మొదలయ్యాయి. అయినా లేవలేదు. చాలాసేపటికి ఒక కాకి వాలి, ఓరగా చూసి, చేపముక్క ముక్కున కరచుకుని పోయింది. మిగిలింది అంకయ్య నిదానంగా, వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు. తర్వాత అద్దాలు పెట్టుకుని పనిలోకి వెళ్ళాడు.

నెలాఖరుకు కాంట్రాక్టు వచ్చింది. విల్లెం సంతకం పెట్టాడు. అంకయ్య పెట్టలేదు.

సీబ్ ఎయిర్‌పోర్టుకు వ్యాను తోలింది తబ్రేజే. దిగబోతుంటే స్టీరింగు వదలకుండా అన్నాడు.

"మంచికే చేసినా అన్నా. కడుపులో ఇంత పడనీలే అని. ఒక్క మాట అనేసి పో, తిట్టైనా సరే."

"ఆ ముచ్చట ఇగ నా నోట రాదు. ఈడ గాదు, ఊర్ల గాదు, ఏడ గాదు."

సంచి భుజానేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి పట్టుకుపొమ్మని తబ్రేజ్ కొనిచ్చిన పులిబొమ్మ దుప్పటి వెనక సీట్లోనే ఉంది, జిప్పు కూడా తీయని ప్లాస్టిక్ సంచిలో.