తుంగల మూల

తెల్లారగానే వలక్క పడవ తీసేది. నలభై పడవలున్న ఆ సరస్సు మీద ఆమెలా వలలు బాగుచేసేవాళ్లు లేరు కాబట్టి ఆ పేరు. చేపలవాళ్ల సంఘానికి పెద్ద కూడా ఆమే. మిగతావాళ్లు సరస్సు నడిమధ్యకి పోతే, ఆమె ముందు తుంగల మూలకి పోయేది. అక్కడ కూతురు నీళ్లలోంచి పైకొచ్చి పడవ అంచు పట్టుకునేది. పిల్ల మునిగిపోయి పన్నెండేళ్లయింది. వయసు మాత్రం తొమ్మిది దాటలేదు.

తల్లి ఆ తడి జడ విప్పి, చిక్కు తీసి, మళ్లీ అల్లేది. ఈలోగా పిల్ల, రాత్రి వేసి ఉంచిన వలలో చెయ్యిపెట్టి చేపల పొట్టలు తడిమేది.

"దీనికి గుడ్లున్నాయమ్మా, వదిలెయ్. ఇదింకా పసిది."

"ఈ వారం చిన్న కళ్ల వలలు వద్దని పాప చెప్పింది" అని ఒడ్డుకొచ్చి వలక్క అంటే, ఎవరూ ఆ మాట దాటేవాళ్లు కాదు.

ఆ ఏడు చేపలు కొనే కంపెనీ కబురు పంపింది. సరస్సుని ఖాళీ చెయ్యకుండా చేపలు పడుతున్నారని సర్టిఫికెట్ ఉంటేనే ఇకమీద కొంటారట. తనిఖీకి ఒకమ్మాయి వచ్చింది. నెల్లాళ్లు పడవల్లో తిరిగింది. చేపల్ని కొలిచింది, పొలుసులు కవర్లలో దాచింది, ముసలాళ్లని కూర్చోబెట్టి పాతరోజుల సంగతులు అడిగింది. తుంగల మూలకీ వెళ్లి, పాప చెప్పినవన్నీ పుస్తకంలో రాసుకుంది.

చివరిరోజు సంఘం షెడ్డులో అందర్నీ పిలిచి చెప్పింది.

"ఇంత బాగున్న సరస్సు నేనెక్కడా చూడలేదక్కా. కానీ ఒక షరతుంది. చేపలు గుడ్లు పెట్టేది తుంగల మూలలోనే. అక్కడికి ఎవరూ వెళ్లకూడదు. ఏడాదికోసారి లెక్క చూడ్డానికి నేనొక్కదాన్నే వెళ్తాను."

"నా పడవ కూడానా?"

అమ్మాయి తల దించుకుంది. "ఒక్కరికి వదిలినా మూసినట్టు కాదక్కా."

వలక్క మరిది లేచి, "వదిన వద్దంటే మాకూ వద్దు" అని కూర్చున్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అతనికి ఇద్దరు పిల్లలు, చేపలు తప్ప వేరే ఆధారం లేదు.

మర్నాడు వలక్క కూతురికి సంగతంతా చెప్పింది.

"నీ పడవ వచ్చినప్పుడల్లా అడుగునుంచి బురద లేస్తుందమ్మా. గుడ్ల మీద పడుతుంది. నువ్వు బాధపడతావని ఇన్నాళ్లూ చెప్పలేదు."

ఆరోజు తల్లి అల్లిన జడే విప్పి మళ్లీ అల్లింది. మళ్లీ విప్పింది.

"ఇక చాల్లేమ్మా" అంది పిల్ల, మెల్లగా.

వలక్క సంతకం పెట్టింది. సర్టిఫికెట్‌కి అద్దం కట్టించి షెడ్డులో తగిలించారు. నలభై పడవలూ ఎప్పట్లాగే పోయి వచ్చేవి. ఆమె కూడా వాటితోపాటే నడిమధ్యకి పోయి, వాటితోపాటే తిరిగొచ్చేది. ఇంట్లో అన్నం పెట్టుకుని తినడం మర్చిపోయేది.

ఏడాది తిరిగాక అమ్మాయి మళ్లీ వచ్చింది. ఒక్కతే పడవేసుకుని వెళ్లి మధ్యాహ్నానికి వచ్చింది. వలక్క ఒడ్డునే కూర్చుని ఉంది.

"ఎలా ఉంది?"

"పిల్లచేపలు నిరుటికి రెట్టింపు..."

"చేపల సంగతి కాదమ్మా."

అమ్మాయి ఆమె పక్కన చతికిలబడింది. "పెరిగిందక్కా. నా భుజం దాకా వచ్చింది."

పన్నెండేళ్లు తను రోజూ వెళ్లి చూసుకున్నంతకాలం అంగుళం పెరగని పిల్ల.

"నా గురించి అడిగిందా?"

అబద్ధం చెప్పడం ఆ అమ్మాయికి చేతకాలేదు. "గుడ్లు చూసుకునే పనిలో ఉందక్కా" అంది.

వలక్క సరేనన్నట్టు తలూపింది. "ఒకసారి లేచి నిలబడు" అంది. అమ్మాయి నిలబడింది. ఆమె భుజం పక్కన, గాలిలో, వలక్క అరచెయ్యి బోర్లా పెట్టి చూసుకుంది. అంత ఎత్తులో కూతురి ముఖం ఎలా ఉంటుందో ఎంత తలుచుకున్నా ఊహకి రాలేదు. చెయ్యి మాత్రం దించలేదు.