చల్లగా చెప్పిన కబురు

“పర్సొనెల్ మేనేజిమెంటు తీసుకుందామనుకుంటున్నానత్తా,” అన్నాడు బాలశౌరి, వాల్తేరు యూనివర్సిటీ నుంచి వచ్చి ఇంకా బూట్లయినా విప్పకుండా.

మేనత్త శౌరమ్మకి ఎడమ చెవి పూర్తిగా సెలవులో ఉంది, కుడి చెవిది సగంపూట ఉద్యోగం. ఆ సగంలోకి చేరింది ‘మానేసి మంటెట్టా’ అన్న ముక్క ఒక్కటే.

“ఓరి నాయనో! చదువు మానేసి పుస్తకాలు మంటెట్టాడంట్రోయ్!” అంటూ ఆవిడ వీధిన పడేసరికి, గుణదల కొండ కింద ఆ సందంతా బాలశౌరి తండ్రి మరియదాసు అరుగు మీదికి పరామర్శకి దిగింది. తిరునాళ్ళకి కొబ్బరికాయలు కుప్ప పోసుకుంటున్న పక్కింటి అమలమ్మ వచ్చింది. ఆమె వెనక దగ్గుకుంటూ మొగుడు లాజరు వచ్చాడు.

“మానెయ్యలేదండీ బాబూ!” అని బాలశౌరి ఫారం పైకెత్తి చూపించాడు. “రెండో ఏడాదికి ఏదో ఒకటి ఎంచుకోవాలి. సరుకులమ్మే చదువుంది, జమాఖర్చుల చదువుంది, పనివాళ్ళ మంచిచెడ్డలు చూసే చదువుంది. ఈ మూడోదే పర్సొనెల్. సోమవారానికల్లా రాసిచ్చెయ్యాలి.”

“పనోళ్ళని వేసుకునే చదువా, తీసేసే చదువా?” అన్నారెవరో.

“రెండూనండి. అందుకే నాన్నలాంటివాడుండాలి అందులో. ఆయన కాయితం చదివితే ఎవరికీ దెబ్బ తగిలినట్టే ఉండదు.”

మరియదాసు తల వంచుకున్నాడు. జనపనార మిల్లులో ఆయన టైమాఫీసు గుమాస్తా. టైము బాగోని వాళ్ళందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఇంగ్లీషు కాయితాన్ని తెలుగులో చెప్పి, అడుగున ‘చదివి వినిపించగా విని’ అని రాసి, వేలిముద్ర వేయించడం ఆయన పని. పైవాళ్ళు సెగలు కక్కుతూ రాసిందాన్ని ఆయన ఊది ఊది చల్లార్చి అందించేవాడు. నోరు కాలిందని ఒక్కడూ అనలేదు.

“తీసుకో బాబూ,” అన్నాడు లాజరు. “నువ్వు ఆఫీసరవగానే ముందు నా కబురు సంగతి కదిలించు. నాలుగేళ్ళయింది, మళ్ళీ పనిలోకి రమ్మని కబురు పెడతామన్న మిల్లోళ్ళు మరిచిపోయినట్టున్నారు.”

“లాజరు కబురు గబ్రియేలు దూత తేవాల్సిందే!” అన్నారు వెనకనుంచి. అందరూ నవ్వారు. లాజరూ నవ్వాడు.

మరియదాసుకి నవ్వు రాలేదు. కొడుకు పెన్ను మూత తీస్తున్నాడు. ఇప్పుడు ఊరుకుంటే ఆ ఫారం మీద పడేది తన అబద్ధమే.

“ఆగరా. నేను చదివేవాణ్ణి కాదు. చదివినట్టు నటించేవాణ్ణి.”

“అదేంటి నాన్నా?”

“లాజరు కాయితంలో కబురు పెడతామని లేదు. తీసేశామని ఉంది. అన్యాయమనుకుంటే ముప్ఫై రోజుల్లో అర్జీ పెట్టుకోమనీ ఉంది. ఆ రోజు వీడికి దగ్గుతో ఊపిరాడటంలేదు. ‘నెమ్మదించేదాకా ఇంటి దగ్గరుండు, కబురు పెడతారు’ అనేశాను. సాయంత్రం వెళ్ళి ఉన్న మాట చెబుదామనుకున్నాను. వెళ్తే అమలమ్మ చేపల పులుసేసి అన్నం పెట్టింది. నోరు తినడానికి తెరుచుకుంది గానీ చెప్పడానికి తెరుచుకోలేదు. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రానే లేదు.”

లాజరు నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దించుకోవడం తెలియనట్టు.

“కొండపల్లిలో పనుందని మా బామ్మర్ది రెండుసార్లు పిలిచాడన్నా. ఈలోపు కబురొస్తే ఎట్టా అని నేనెళ్ళలేదు.”

అమలమ్మ తమ ఇంట్లోకి వెళ్ళి, ప్రార్థన పుస్తకంలో దాచిన కాయితం తెచ్చి బాలశౌరి చేతిలో పెట్టింది.

“నువ్వు చదువు బాబూ,” అన్నాడు లాజరు. “ఉన్నదున్నట్టు.”

బాలశౌరి చదివాడు. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు. గుళ్ళో సువార్త వింటున్నట్టు లాజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఆ ముప్ఫై రోజుల ముక్క మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివాడు. కాయితం మడిచి ఇచ్చేసి, ఫారం మోకాలి మీద పెట్టుకుని, పర్సొనెల్ అన్నచోట టిక్కు పెట్టాడు.

“ఇదే చదువుతాను. నీలా మాత్రం చదవను నాన్నా,” అన్నాడు, తండ్రి మొహం చూడకుండా.

మరియదాసు “లాజరూ” అన్నాడు. ఆ పేరొక్కటే వచ్చింది. ఇన్నేళ్ళూ మెత్తని మాటకి కరువెరగని మనిషి.

“ఏంటంట? ఏమైందంట?” అని అరుగు కింద వెనక నిలబడ్డవాళ్ళు అడుగుతున్నారు. లాజరు వాళ్ళవైపు తిరిగాడు. దగ్గు తెర ఆగేదాకా ఆగి, అందరికీ వినబడేలా చెప్పాడు.

“ఏం లేదు. నా పని పోయింది. నాలుగేళ్ళ కిందటే పోయిందంట. అన్న చల్లగా చెప్పాడు గదా, నాకు తెలవలేదు.”