మాట ఆగినంతసేపు

తేజేశ్వర్ రోజూ ఏడింటికి లేచి, టీ పెట్టుకుని, లాప్‌టాప్ తెరిచి, ఎక్సెల్ షీట్‌లో ఒక అంకె మార్చేవాడు. ఆ రోజు అది నలభై ఒకటి. ఉద్యోగం పోయి నలభై ఒక్క రోజులు. ఉద్యోగం పోతే అమెరికా వీసా ఇచ్చే గడువు అరవై రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ తన పేరు మీద కాగితాలు వెయ్యకపోతే హెర్న్‌డన్‌లోని ఈ అపార్ట్‌మెంట్, ఈ దేశం రెండూ వదలాలి.

అతనికి నత్తి. మాట మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుంటుంది. ఎదురుగా వినే మనిషి ఉంటే, ఇరుక్కున్నంతసేపూ అక్కడి గడియారాలు ఆగిపోతాయి. స్టవ్ మీద పాలు అంచుదాకా వచ్చి నిలబడతాయి. మాట బయటికొచ్చాక అన్నీ మళ్ళీ కదులుతాయి, ఎవరికీ ఆలస్యం కాదు. అవతలివాళ్ళు తొందరపడి ఆ మాట తామే పూర్తి చేస్తే మాత్రం అప్పుడే కదిలిపోతాయి. బిల్డింగ్‌లో అందరికీ ఇది అలవాటే. స్కూల్ బస్సు వేళకి కూతురి జడ పూర్తి కాకపోతే కింది ఫ్లోర్ రేణు ఆ పిల్లని పైకి లాక్కొచ్చి, "తేజా, ఏదో ఒకటి మాట్లాడవా," అనేది.

అప్పటికి పదిహేడు ఇంటర్వ్యూలయ్యాయి. అన్నీ కెమెరా ముందు ఒంటరిగా ఇచ్చేవే. తెర మీద ప్రశ్న వస్తుంది, తొంభై నుంచి సెకన్లు తగ్గుతూ పోతాయి, సున్నా రాగానే రికార్డింగ్ తెగిపోతుంది. వినేవాళ్ళు లేని గదిలో ఏ గడియారమూ ఆగదు. తేజేశ్వర్ తన సమాధానాలు కొలిచి చూసుకున్నాడు. సగటున నూట నలభై సెకన్లు. అందులో మాటలు డెబ్బై ఎనిమిది, మౌనం అరవై రెండు. మౌనం లేకపోతే పన్నెండు సెకన్లు మిగిలేవి కూడా. ఆ అరవై రెండింటినీ ఎక్కడ దాచాలో ఏ ఫార్ములాకీ అందలేదు.

"ప్రాక్సీ పెట్టుకో రా," అన్నాడు రూమ్మేట్ అక్షయ్. "హైదరాబాద్‌లో మావాడున్నాడు. గొంతు వాడిది, మొహం నీది. నువ్వు పెదాలు కదిపితే చాలు."

"జా..."

మైక్రోవేవ్ పద్నాలుగు దగ్గర ఆగింది. అక్షయ్ గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

"జాబ్ వచ్చాక?"

"గొంతు పోయిందను. జలుబను."

"ఎన్నేళ్ళు?"

"పందొమ్మిది రోజులున్నాయి నీకు. హరిశ్చంద్రుడి వేషాలు తర్వాత వేద్దువుగాని."

ప్రతి అప్లికేషన్ చివరా ఒక ప్రశ్న ఉండేది. మీ ఆరోగ్య స్థితిని బట్టి ఇంటర్వ్యూలో ఏదైనా ఏర్పాటు కావాలా? పదిహేడు సార్లూ తేజేశ్వర్ 'నో' కొట్టాడు. 'యెస్' కొడితే అది ఇమిగ్రేషన్ వాళ్ళదాకా వెళ్తుందని, మనవాళ్ళెవరూ కొట్టరని అక్షయ్ చెప్పాడు.

"ఆ మాట ఎవరన్నారు?" అంది రేణు, పెరుగు తోడుకి వచ్చి తేజేశ్వర్ చెప్పింది విని.

"వాట్సాప్ గ్రూప్‌లో, అక్కా."

"ఆ గ్రూప్‌లో లాయర్లున్నారా, లడ్డూల ఆర్డర్లు తీసుకునేవాళ్ళున్నారా? మా నిధికి స్కూల్లో పరీక్షకి ఒకటిన్నర రెట్లు టైము ఇస్తారు. మేమే అడిగాం. అడిగితే ఎవరూ మింగెయ్యలేదు." గిన్నె అందుకుని, గొంతు తగ్గించింది. "మా అత్తగారికి మాత్రం తెలీదు. ఎప్పుడైనా ఆవిడ ఫోన్ తీస్తే అనకు."

పద్దెనిమిదో అప్లికేషన్‌లో అతను 'యెస్' కొట్టాడు. కింద ఒక్క వాక్యం రాశాడు: మనిషికి ఎదురుగా కూర్చుని మాట్లాడనివ్వండి.

పన్నెండు రోజులు జవాబు లేదు. తేజేశ్వర్ పార్కింగ్ లాట్‌లో నడిచాడు. అరవై నాలుగు కార్లు, తిరిగొస్తే అరవై నాలుగు కార్లు. యాభై అయిదో రోజున్న ఇంకో కెమెరా ఇంటర్వ్యూకి అక్షయ్ ప్రాక్సీని బుక్ చేసేశాడు. అద్దం ముందు ఒట్టి పెదాలు కదపడం తేజేశ్వర్ ప్రాక్టీస్ చేశాడు. ఎక్కడా ఇరుక్కోలేదు. అదే అతన్ని భయపెట్టింది.

యాభై మూడో రోజు మెయిల్ వచ్చింది. రేపు పది గంటలకి ఆఫీస్‌కి రండి.

మేనేజర్ పేరు మీనాక్షి. ఇచ్చింది అరగంట. బల్ల మీద ఆమె ఫోన్ ఆగకుండా వణుకుతోంది. పేరు చెప్పమంది.

"తే..."

ఫోన్ వణకడం మానేసింది. మీనాక్షి గోడ గడియారం వైపు ఒకసారి చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఆరు ప్రశ్నలు అడిగింది. ఆరింటికీ చివరిదాకా వింది.

"మీరేమైనా అడుగుతారా?"

"మీ కెమెరా ఇంటర్వ్యూల్లో ఆ తొంభై సెకన్లు ఎవరు పెట్టారు?"

ఆమె ఆలోచించింది. "ఎవరూ పెట్టలేదు. సాఫ్ట్‌వేర్ అలాగే వచ్చింది. మేం మార్చలేదు."

"ఎంతమంది మధ్యలో తెగిపోయారో చూశారా?"

"లేదు."

"డేటా ఇస్తే సా... సాయంత్రానికి చెప్తాను."

"చేరాక చెప్పండి," అని మీనాక్షి హెచ్‌ఆర్ నుంచి జయంతిని పిలిచింది.

జయంతి నిలబడే లెక్క చెప్పింది. "ఆఫర్ లెటర్, వీసా కాగితాలు, సంతకాలు, అన్నీ కలిపి తొమ్మిది బిజినెస్ డేస్ పడుతుంది. మీకెన్ని రోజులున్నాయి?"

"స్..."

గడియారం పది ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఇంత గట్టిగా ఎన్నడూ ఇరుక్కోలేదు. దవడ బిగుసుకుంది, మెడ నరాలు లేచాయి. జయంతి జాలిగా ముందుకు వంగింది. "సెవె..."

మీనాక్షి చెయ్యి ఎత్తి ఆపింది. "పూర్తి చెయ్యకండి. ఫైల్ ఇక్కడికే తెప్పించండి."

లాయర్ తన లాప్‌టాప్‌తో వచ్చాడు. డైరెక్టర్ కళ్ళజోడు వెతుక్కుంటూ వచ్చాడు. జయంతి టైప్ చేసింది, ప్రింట్ తీసింది, ఒక తప్పు దొరికితే మళ్ళీ తీసింది. కాఫీ మీద ఆవిరి కదలకుండా నిలబడి ఉంది. తేజేశ్వర్ ఆ ఒక్క అక్షరంలోనే ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరు అతన్ని అందులోంచి చెయ్యి పట్టుకుని బయటికి లాగేవాళ్ళు. ఇక్కడ ఎవరూ లాగలేదు. చూపించిన చోటల్లా నోరు అలా తెరిచే సంతకం పెట్టాడు. ఇరుకు ఇరుకుగానే ఉంది. అయినా మొదటిసారి అతనికి బయటపడాలన్న తొందర లేదు.

ఆఖరి కాగితం మీద ముద్ర పడ్డాక జయంతి ఫైల్ మూసి, అతనికి ఎదురుగా కూర్చుంది. లాయర్ కూడా కూర్చున్నాడు.

"చెప్పండి," అంది మీనాక్షి.

"సిక్స్," అన్నాడు తేజేశ్వర్. "సిక్స్ డేస్."

గడియారం ముల్లు కదిలింది.

"సరిపోతాయి," అంది జయంతి.