వేడినీళ్ళకే లొంగే లోహం

ఏ మూలకం ఎన్ని డిగ్రీలకి కరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది, ఇంజనీరింగ్ చదివొచ్చిన ఆ అమ్మాయి. అందుకే మేనత్త ఆమెకి ‘ఇంజనీరమ్మ’ అని పేరు పెట్టింది. పొగడ్తేం కాదది.

అత్తది బ్యాండు వాయిద్యాలు బాగుచేసే షాపు. ఆవేళ ఒకాయన సొట్టపడ్డ ట్రంపెట్ తెచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. ఆరింటికి కచేరీ. నలిగిపోయిన వంపు గొట్టం తీసేసి కొత్తది వెయ్యాలి. ఆ సైజు ఇత్తడి గొట్టం షాపులో ఒక్కటే ఉంది.

“ఇవాళ నువ్వే వంచు,” అంది అత్త.

మూడు నెలలుగా తుడవడం, రుద్దడం తప్ప ఇంకేం చేయని ఇంజనీరమ్మ చేతిలో గుడ్డ పక్కన పడేసి లేచింది.

ఖాళీ గొట్టాన్ని వంచితే నొక్కుకుపోతుంది. అందుకే లోపల నూనె పూసి, కరిగిన లోహం పోసి, అది గట్టిపడ్డాక వంచాలి. అత్త అల్మారాలోంచి బూడిదరంగు ముద్ద తీసింది. “ఇందులో ఉన్నవి బిస్మత్, సీసం, తగరం, కాడ్మియం.”

“ఆగత్తా! వీటిలో ముందు కరిగేది తగరం. దానికే రెండొందల ముప్ఫై రెండు కావాలి. గొట్టం అడుగు మూయడానికి నువ్వు పెట్టిన టంకం నూట ఎనభై మూడుకే ఊడిపోతుంది.”

“అయిందా పాఠం? స్టవ్ మీద నీళ్ళు పెట్టు.”

అత్త ముద్దని ఆ నీళ్ళలో వేసింది. నీళ్ళింకా మరగనే లేదు. ముద్ద అంచులు జారాయి, నడుం కుంగింది, చూస్తుండగానే అద్దంలా పరుచుకుంది. థర్మామీటర్ చూస్తే డెబ్భై రెండు!

“విడివిడిగా నాలుగూ మొండిఘటాలే. కలిస్తే వేడినీళ్ళకే లొంగుతాయి,” అంది అత్త. “మన ఇంట్లో అంతా రివర్సు.”

ఇదే సంగతి గ్రాఫు గీసి మరీ పరీక్షలో ఐదు మార్కులు కొట్టింది ఇంజనీరమ్మ. కళ్ళతో చూడ్డం మాత్రం ఇదే మొదటిసారి. థర్మామీటర్ ఇంకోసారి చూసుకుంది.

గొట్టంలో పోసి, జాగ్రత్తగా నిలబెట్టి, దానంతటది చల్లారేదాకా కాచుకుంది. తీరా వంచే అచ్చు మీద పెట్టబోతుంటే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

“ముందు గిన్నెలో మిగిలిన ముక్క వంచు.”

టప్‌మని రెండు ముక్కలైంది.

అత్త ఆ ముక్కల్నే మళ్ళీ కరిగించి, సన్నటి పుల్లలా పోసి, బకెట్లో చన్నీళ్ళలో ముంచింది. “ఇప్పుడు?”

విరగలేదు. గుండ్రంగా వంగింది.

“తీరిగ్గా చల్లారితే లోపల పెద్ద పలుకులు కడుతుంది, విరుగుతుంది. గబుక్కున చల్లారిస్తే ఇసకంత సన్నం, మాట వింటుంది.”

“నీకెవరు చెప్పారత్తా?”

“పదకొండు గొట్టాలు చెప్పాయి.”

నాలుగేళ్ళ చదువులో తను ఒక్కదాన్నీ విరగ్గొట్టలేదని ఇంజనీరమ్మకి మొదటిసారి సిగ్గేసింది. “మరి నా గొట్టం?”

“వేడినీళ్ళలో పెట్టి కరిగించి మళ్ళీ మొదలెట్టు. అది కోపం పెట్టుకోదులే.”

ఈసారి పోసి, చన్నీళ్ళలో ముంచి, అచ్చు చుట్టూ లాగింది. వంపు మీద వేలు పెట్టి రాసింది. ఒక్క ముడతా తగల్లేదు. వేడినీళ్ళలో పెట్టగానే లోపలి లోహం వెండిధారలా కారిపోయింది. అత్త వంపుని ట్రంపెట్‌కి అతికించేసరికి ఐదున్నర.

“ఎవరు వంచారమ్మా?” అన్నాడాయన, తిప్పి తిప్పి చూస్తూ.

“ముందు వాయించండి. బాగా పలికితే మా మేనకోడలు. లేకపోతే నేను.”

ఆయన కింది స్వరం పట్టి మెల్లగా పైకెళ్ళాడు. ఎక్కడా గరగర లేదు.

“మా మేనకోడలండీ,” అంది అత్త, ఆయన ఇంకా వాయిస్తుండగానే.