స్టాటిక్ క్లాసు, చర్చి గుండిగ

రామచంద్రపురంలో జగన్నాథరావు గారు కొబ్బరికాయల వ్యాపారం మానకుండానే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. కంప్యూటర్‌ని ఆయన ఎప్పుడూ దూరం నుంచే గౌరవించేవారు. రెండువేల ఆరులో సీ షార్ప్ అనే కంప్యూటర్ భాష చెప్పే మాస్టారు కావలసివచ్చి, ఇద్దరిని పిలిచి మా బ్యాచ్ ముందే పాఠం చెప్పమన్నారు.

ఒకరు మా ఊరి హెలెన్ గారు. ఎం.సి.ఏ. చదివి ఏడాదిగా ఉద్యోగానికి తిరుగుతున్నారు. పాఠం చెప్పడమంటే ఆవిడకు ప్రాణం. రెండోవాడు అశోక్, హైదరాబాద్‌లో కోర్సు చేసి వచ్చాడు. మే నెల ఉక్కలో టై కట్టుకున్నాడు.

పాఠం ఆ భాషలోని స్టాటిక్ క్లాసు. అశోక్ పుస్తకంలో ఉన్నది ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు. మాకు ముక్క అర్థం కాలేదు. జగన్నాథరావు గారికీ కాలేదు, అందుకే ఆయన ముఖం వెలిగిపోయింది.

తర్వాత హెలెన్ గారు లేచారు.

“మా చర్చిలో పెద్ద గుండిగ ఉందండి. ఎవరింట్లో పెళ్లయినా వంట అందులోనే. ఇంటికొకటి చేయించుకోరు. చర్చి గుండిగ అంటే చాలు, ఏదని ఎవరూ అడగరు. స్టాటిక్ క్లాసూ అంతే. దానికి కొత్తగా ఆబ్జెక్టులు, అంటే నకళ్లు, చేయలేం, పేరుతోనే పిలుస్తాం. కానీ జాగ్రత్త. అందులో ఒకరు ఉంచింది అందరికీ తగులుతుంది. మొన్న ఆరోన్ గారు చేపల పులుసు వండించి సరిగ్గా తోమించలేదు. మర్నాడు రూతు పెళ్లి పరమాన్నం అంతా పులుసు వాసనే!”

ఘొల్లున నవ్వాం. అందరికీ అర్థమైంది.

“బానే ఉందండి, కానీ నాక్కూడా అర్థమైపోయింది. నాకే అర్థమైతే ఇక జనం ఫీజెందుకు కడతారండీ?” అని జగన్నాథరావు గారు నిజంగానే బాధపడ్డారు. పాఠాలు అశోక్‌కి ఇచ్చి, హెలెన్ గారిని ఫీజు కౌంటర్లో కూర్చోమన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుని రసీదు పుస్తకం అందుకున్నారు.

అశోక్ క్లాసు అవగానే అన్ని బ్యాచ్‌లూ సందేహాలతో ఆ కౌంటరుకే పరిగెత్తేవి. ఫీజు కట్టే పెద్దవాళ్లు మా వెనక నిలబడి విసుక్కునేవారు. వంతు వచ్చాక, “మన హెలెనమ్మే కదా” అని చనువుగా బేరమాడి తగ్గించుకునేవారు.

ఒకరోజు ఆవిడ భోజనానికి వెళ్తే అశోక్‌ని కౌంటర్లో కూర్చోబెట్టారు. ద్రాక్షారామం నుంచి వచ్చిన బుల్లియ్య అనే రైతు ఆ టై చూసి, నోరెత్తకుండా ఫీజంతా కట్టి, దణ్ణం కూడా పెట్టాడు. జగన్నాథరావు గారు తలుపు చాటు నుంచి చూశారు.

మర్నాడు అశోక్‌ని కౌంటరుకి మార్చి, హెలెన్ గారి చేతికి సుద్దముక్క ఇచ్చారు. “అంత మంచి టైని బోర్డు దగ్గర పాడుచేసుకుంటున్నామండీ,” అన్నారు.

చదువు గెలిచిందని మేమంతా చప్పట్లు కొట్టాం. గెలిచింది అశోక్ టై అని హెలెన్ గారికి తెలుసు. అయినా సుద్దముక్క వదల్లేదు.