అద్దాల కొట్లో ఎర్రర్ పెట్టె

కళ్లద్దాల కొట్టు పెద్దాయన కంప్యూటర్ వేసిన ప్రతి పొద్దునా తెర నడుమ ఒక బూడిదరంగు పెట్టె లేచి కూర్చునేది. ఫలానా ఫైలు దొరకలేదని దాని గోడు. రెండేళ్ల కిందట వీడియో కార్డు కాలిపోతే మెకానిక్ కొత్తది బిగించాడు గాని, పాతదాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఆనవాళ్లు లోపలే ఉండిపోయాయి. మిషను లేస్తూనే అలవాటు కొద్దీ ఆ పోయినదాన్ని పిలిచేది. పలికే దిక్కులేక మొర పెట్టుకునేది.

పెద్దాయన ఆ పెట్టెను మూయలేదు, పనిలో పెట్టుకున్నాడు. గోడ మీది చూపు పరీక్ష అక్షరాల అట్టలో అడుగు వరుస ఎండకు వెలిసిపోయింది. పెట్టెలోని ఫైలు పేరు సరిగ్గా అంత సన్నం. టేపుతో దూరం కొలిచి కుర్చీ వేశాడు. అప్పటినుంచి పెద్దక్షరాలకు అట్ట, చివరి వరుసకు పెట్టె.

ఆ రోజు ఆయన టీకి వెళ్లినప్పుడు కోడలు కంప్యూటర్ ముందు కూర్చుంది. మామగారు ఇన్నాళ్లుగా ఈ పీడను భరిస్తున్నారని జాలిపడి, పాత కార్డు డ్రైవర్‌ను తీసేసింది. మిషను లేవగానే నడిచేవాటి జాబితాలో మిగిలిన దాని వరుసనూ చెరిపేసి, ఆపి మళ్లీ వేసింది. పెట్టె రాలేదు. తెర నీలంగా, ఖాళీగా ఉంది. ఆమె సంతోషించి లోపలికి వెళ్లిపోయింది.

పెద్దాయన వచ్చేసరికి కుర్చీలో బావమరిది కాచుకుని ఉన్నాడు. బడి బస్సు నడుపుతాడు. చూపు బాగుందన్న కాగితం మధ్యాహ్నంలోగా ఇవ్వకపోతే స్టీరింగు ఇంకొకడి చేతికి పోతుంది. తమ్ముడి ఉద్యోగమని, పక్కనే నిలబడ్డ భార్య అప్పటికే మూడుసార్లు గుర్తు చేసింది. ఆ బస్సులోనే మనవరాలు కిటికీ పక్కన కూర్చుంటుంది. ఆ మాట ఆయనకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

అట్ట మీది పెద్దక్షరాలు తడుముకుంటూనైనా గట్టెక్కాయి. ఇక తెర చూడమని చెప్పి పెద్దాయన కాగితం అందుకున్నాడు. బావమరిది ఎడమ కన్ను మూసుకుని గడగడా అప్పజెప్పాడు.

"వి, డి, కె, తొమ్మిది, చుక్క, డి, ఎల్, ఎల్."

సగం సంతకం పెట్టి పెద్దాయన తల తిప్పి తెర చూశాడు. కలం మూత పెట్టేశాడు.

"రెండో కన్ను," అన్నాడు.

అదే వరుస మరింత వేగంగా వచ్చింది. చుక్క కూడా తప్పలేదు.

పెద్దాయన పరీక్ష ఫ్రేము వాడి ముక్కు మీద పెట్టి, ఒక్కొక్క అద్దమే మార్చాడు. మళ్లీ చదవమన్నాడు. వాడు మెడ ముందుకు చాచి తెరంతా వెతికాడు.

"బావా, తెర మీద ఏం లేదేంటి?"

"ఇప్పుడు సరిగ్గా చదివావు."

వాణ్ణి ఏడిపించక సంతకం పెట్టమని భార్య కసిరింది. పెడతానన్నాడు పెద్దాయన, అద్దాలతో అని రాసి మరీ పెడతానన్నాడు. బావమరిది అటు తిరిగి అక్కను తేరిపార చూశాడు.

"అక్కా, గడ్డం మీద ఆ పుట్టుమచ్చ ఎప్పుడొచ్చింది?"

"నువ్వు పుట్టకముందు."

ఆమె ఆ తర్వాత సంతకం ఊసెత్తలేదు. తానే వెళ్లి ఫ్రేముల పెట్టె తెచ్చింది.

పెద్దాయన చూపు అప్పుడు బెంచీ మీద పడింది. తెరకు మూడడుగుల దూరంలో, తెరకు ఎదురుగా ఉంది. రెండేళ్లుగా వచ్చినవాళ్లంతా తమ వంతు కోసం అక్కడే కూర్చున్నారు. ఇప్పుడు దాని మీద ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. ఖాళీ తెర వంక కాసేపు చూసి, ఏదో పని గుర్తొచ్చిందని, రేపొస్తానని మెల్లగా లేచాడు.

"కూర్చో," అన్నాడు పెద్దాయన.